దుబాయ్ ఫ్లాటు, దామలచెరువు దుడ్లు

గల్ఫ్ విషయంలో దక్షిణ రాయలసీమకి ఇన్నాళ్ళూ ఒకటే దారి: అక్కడ సంపాదించి ఇక్కడ ఇల్లు కట్టుకోవడం. రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు కువైట్ దుడ్లతో లేచిన మేడలు ఎన్నో. ఇప్పుడు ఆ దారి తిరగబడుతోంది. ఇక్కడ సంపాదించినదానితో అక్కడ ఇల్లు కొనమని దుబాయ్ బిల్డర్లు హైదరాబాదు, బెంగళూరు హోటళ్ళలో ప్రదర్శనలు పెడుతున్నారు. పదో ఇరవయ్యో శాతం కట్టి పేరు రాయించుకో, మిగతాది కట్టుబడి సాగేకొద్దీ కట్టు, కొన్ని పథకాల్లోనైతే నెలకి ఒక శాతం చొప్పున కట్టు అన్న ప్రకటనలు పాకాల జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్నవాడి ఫోన్లోకీ వస్తున్నాయి. ఈ బేరం మీద ఇద్దరి మధ్య వాదం పెట్టి చూద్దామనిపించింది. ఇద్దరూ నేను కల్పించినవాళ్ళే. మామ పాకాలలో డాక్యుమెంటు రైటరుగా చాలాకాలం పనిచేసి మానుకున్నాడు. అల్లుడు, అంటే మేనల్లుడు, దామలచెరువులో మామిడి మండీ నడుపుతాడు. తిరుపతిలో ఒక ఇల్లుంది, రెండోది దుబాయ్‌లో కావాలంటాడు. నా మొగ్గు మామ వైపు. అందుకే అల్లుడి నోట బలహీనమైన మాటలు పెట్టకుండా జాగ్రత్తపడ్డాను.

అల్లుడు: మామా, ముందు లెక్క చూడు. 2008 మొదట్లో దిర్హము మన దుడ్లల్లో పదకొండు రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు ఇరవై మూడు దాటింది. దిర్హమేమీ పెరగలేదు, 1997 నుంచి డాలరుకి 3.67 దగ్గరే కదలకుండా ఉండాది. మన రూపాయే కిందికి పోయింది. అంటే దుబాయ్‌లో ఇంటి ధర అణా పెరగకపోయినా కొన్నవాడికి రూపాయల్లో రెట్టింపు. ఇంగ అద్దె సంగతి. తిరుపతిలో కోటి పెట్టి ఫ్లాటు కొంటే ఏడాదికి మూడు లక్షల అద్దె రావడమే గగనం. అక్కడ ఆరేడు లక్షలంటారు, ఖర్చులు పోగా ఐదే అనుకో, అయినా మేలే. అద్దె మీదా, అమ్మితే వచ్చే లాభం మీదా అక్కడ మనిషికి పన్ను లేదు. భూమి హక్కుల గురించి నీకు నేను చెప్పాల్నా? సర్కారు పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమి అమ్మకూడదని 1977లోనే చట్టం చేసినారు, అయినా అది చేతులు మారతానే ఉండాది. కొన్న పదేళ్ళకి మన సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో కనబడతాది, రిజిస్ట్రేషను ఆగిపోతాది. అక్కడ 2002లో విదేశీయులకి సొంతహక్కు ఇచ్చినారు. 2006లో దానికి రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. 2007లో ఇంకో చట్టం తెచ్చినారు, దాని ప్రకారం కొన్నవాళ్ళ దుడ్లు బిల్డరు జేబులోకి కాకుండా ప్రాజెక్టు పేరున ఉండే ఎస్క్రో ఖాతాలోకే పోవాల. మనకి అట్లాంటి రెరా చట్టం వచ్చింది 2016లో గదా.

మామ: రిజిస్టరు సంగతిలో నీ మాటే నిజం అబ్బోడా. ఈసీ తీసి, అడంగలు చూసి, లింకు డాక్యుమెంట్లన్నీ వెతికినా మన భూమి మీద పూర్తి నమ్మకం రాదు. వాళ్ళ పత్రం మనదానికన్నా శుభ్రంగా ఉంటాది, దాంట్లో నాకు వాదం లేదు. నా అనుమానమంతా అమ్మేనాటి గురించి. అవసరం పడినపుడు ఆ ఇల్లు ఎవరికి అమ్ముతావు? తిరుపతిలో నీ ఇల్లు కొనేవాడు తిరుపతిలో బతికేవాడే, టీచరో, దేవస్థానం ఉద్యోగో, స్విమ్స్ ఆసుపత్రిలో పనిచేసే మనిషో. కాలం బాగాలేకపోయినా వాళ్ళు ఊరొదిలి పోరు. దుబాయ్‌లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బయటిదేశాలవాళ్ళు, చాలామందికి అక్కడుండే హక్కు ఉద్యోగంతో ముడిపడి ఉండాది. ఉద్యోగం పోతే వీసా పోతాది, ఆ ఇంటిని అద్దెకడిగేవాడూ కొనేవాడూ ఒకేసారి విమానమెక్కుతారు. మండీ నడిపేవాడివి, నీకిది తెలియంది కాదు. 2025లో తోతాపురికి ఏమైంది? అందరి కాయా ఒక్కసారే కోతకొచ్చింది, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు అట్లే ఉండాది. కిలోకి ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలివ్వాల, పైన నాలుగు ప్రభుత్వమే ఇస్తాదని చెప్పాల్సి వచ్చింది. అయినా బండ్లు గేట్ల ముందర బారులు తీరినాయి. కాయలో లోపమేమీ లేదు.

మామ చెప్పింది ఊహ కాదు, దుబాయ్ ఒకసారి చూసిందే. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. ఏడాది తిరక్కముందే దుబాయ్ ఇళ్ళ ధరలు సగానికి పడ్డాయి. 2009 నవంబరు 25న ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ తన అప్పుల చెల్లింపు వాయిదా వేయమని అడిగింది. తాటిచెట్టు ఆకారంలో సముద్రంలో దీవి కట్టి ఇళ్ళమ్మిన నఖీల్ దాని పిల్ల సంస్థే. డిసెంబరులో పక్క ఎమిరేటు అబుదాబి వెయ్యి కోట్ల డాలర్లిచ్చి గట్టెక్కించింది. తర్వాతి నెలలో, 2010 జనవరి 4న, ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనాన్ని ప్రారంభించినప్పుడు, అప్పటిదాకా బుర్జ్ దుబాయ్ అని పిలిచినదాన్ని అబుదాబి పాలకుడి పేరుతో బుర్జ్ ఖలీఫా చేశారు. ఆదుకున్నవాడి పేరు ఇంతెత్తున కనిపించే ఊరు ఇంకొకటి లేదేమో.

అల్లుడు: పడింది, ఒప్పుకుంటా. లేచింది కూడా గదా మామా. 2014 దాకా పెరిగినాయి, తర్వాత 2020 దాకా జారినాయి, అక్కడ్నించి మళ్ళీ ఎక్కి పాత ధరల్ని దాటినాయి. నిలబెట్టుకున్నవాడు ఎవడూ నష్టపోలేదు. మన ఊళ్ళో మాత్రం ధరలు పడవా? రాజధాని మాటతో అమరావతిలో లేచిన ధరలు 2019 తర్వాత ఏమైనాయో అందరూ చూసినారు. భూమి మీద దుడ్లు పెట్టేవాడికి ఓపిక కావాలనేది నువ్వు చెప్పే మాటే.

మామ: ఓపిక పట్టాలంటే ముందు వస్తువు మన చేతిలో ఉండాల. దుడ్లన్నీ కట్టేసి తాళంచెవి తీసుకున్నవాడు పదేళ్ళు కాచుకోగలడు. నువ్వు కొంటున్నది కట్టని ఇల్లు, వాయిదాల మీద. వాయిదా తప్పితే ఏమవుతాదో వాళ్ళ చట్టంలోనే రాసుండాది. పని 60 శాతం దాటినాక నువ్వు ఎగ్గొడితే ఫ్లాటు మొత్తం విలువలో 40 శాతం దాకా బిల్డరు ఉంచుకోవచ్చు, పని మొదలై అంత దాటకపోతే 25 శాతం దాకా. నువ్వు కట్టినదాంట్లో కాదు, మొత్తం విలువలో. ఇంగ ఆ వాయిదా నువ్వు యాడి నుంచి కడతావు? పాకాల బ్యాంకు నుంచి. రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పంపొచ్చు. పదేళ్ళు అక్కడుండనిచ్చే గోల్డెన్ వీసా కావాలంటే ఇల్లు 20 లక్షల దిర్హములది కావాల, అంటే 5,44,000 డాలర్ల పైమాటే. నీదీ నీ పెళ్ళానిదీ కలిపినా ఐదు లక్షలు, ఒక ఏడాదిలో తెమలదు. పైగా దుడ్లు పంపినవాళ్ళ పేరు దస్తావేజులో ఉండాల్సిందే. ఏడాదిలో పది లక్షలు దాటినదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటాది. కోటి పంపితే పద్దెనిమిది లక్షలు అదనంగా తియ్యాల.

అల్లుడు: అది పోయే దుడ్లు కాదు, రిటర్ను వేస్తే పన్నులో సర్దుతారు, మిగిలింది వెనక్కొస్తాది.

మామ: వస్తాది. రైతులకి అడ్వాన్సులివ్వాల్సిన నెలల్లో అది నీ దగ్గర ఉండదు, అంతే. నేను దాన్ని పెద్ద అడ్డంకి అనడం లేదు. పెద్దది ఇంకోటుండాది. 2013 ఆగస్టు 14 గుర్తుందా? ఆ నెలలో రూపాయి డాలరుకి 68 దాటి పడింది. ఆ రోజు రిజర్వు బ్యాంకు ఈ ఎల్ఆర్ఎస్ పరిమితిని 2 లక్షల డాలర్ల నుంచి 75 వేలకి తెగ్గోసింది, విదేశాల్లో ఇల్లూ స్థలమూ కొనడానికి దాన్ని వాడకూడదంది. మళ్ళీ అనుమతించింది 2014 జులైలో. దాదాపు ఏడాది. ఇప్పుడు నీ మొదటి మాట గుర్తుచేసుకో. రూపాయి పడతా ఉంది గాబట్టి అక్కడ కొంటానన్నావు. రూపాయి మెల్లిగా జారితే నీ లెక్క సరిపోతాది. నిజంగా కుప్పకూలిందనుకో, నీకు ఆ ఇల్లు బాగా అక్కరకొచ్చే రోజు అదే గదా, ఆ రోజే సర్కారు డాలర్లు బయటికి పోకుండా తలుపేస్తాది. వేయకపోయినా నీ వాయిదా దిర్హముల్లో ఉండాది గాబట్టి రూపాయి పదిహేను శాతం పడితే నీ బాకీ అంతా ఎక్కువై కూర్చుంటాది. పూర్తిగా కట్టినవాడికి లాభమైన పతనం వాయిదాల్లో ఉన్నవాడికి నష్టం. బ్రోకరు ఇద్దరికీ ఒకే లెక్క చూపిస్తాడు.

ఈ వాదంలో అసలు విషయం ఇదేనని నా అభిప్రాయం. దూరదేశపు ఇంటి మీద పెట్టే సొమ్ముకి రెండు గేట్లుంటాయి, ఒకటి మన దేశానిది, ఒకటి వాళ్ళది. కొనేవాడు వాళ్ళ గేటు గురించే అడుగుతాడు: హక్కు ఇస్తారా, వీసా ఇస్తారా, పన్ను ఉందా. మన గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకుంటాడు. మామకి తెలియని ఉదాహరణ ఒకటి నేను చెప్పాలి. మలేసియాలోని జొహోర్‌లో, సింగపూరుకి ఎదురుగా, సముద్రాన్ని పూడ్చి ఫారెస్ట్ సిటీ అనే నగరం కట్టడం మొదలుపెట్టారు. ఏడు లక్షలమంది ఉంటారని పథకం. కట్టింది చైనా కంపెనీ కంట్రీ గార్డెన్, కొన్నవాళ్ళలో ఎక్కువమంది చైనా మధ్యతరగతి. చైనాలో మనిషి ఏడాదికి 50 వేల డాలర్లే మార్చుకోవచ్చు. 2016 చివర్లో, యువాన్ జారుతున్నప్పుడు, ఆ సొమ్ము విదేశీ ఆస్తులు కొనడానికి కాదని రాసివ్వాలన్న నిబంధనని గట్టిగా అమలుచేయడం మొదలెట్టారు. అప్పటికే బయానా కట్టినవాళ్ళు మిగతా వాయిదాలు పంపలేక ఇరుక్కున్నారు. 2018 ఆగస్టులో రెండో గేటు కదిలింది: అక్కడి ఇళ్ళు విదేశీయులకి అమ్మడానికి వీల్లేదని అప్పటి ప్రధాని మహతీర్ అన్నాడు. 2023లో కంట్రీ గార్డెనే అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. టవర్లు నిలబడే ఉన్నాయి, మనుషులే పలచన. దుబాయ్‌ని ఫారెస్ట్ సిటీతో పోల్చడం అన్యాయం, దుబాయ్‌లో లక్షలమంది నిజంగా బతుకుతున్నారు, పనిచేస్తున్నారు. నేను పోల్చేది ఊళ్ళని కాదు, కొన్నవాడి చేతిలో ఉన్న కాగితాన్ని.

అల్లుడు: 2013 నాటి ఇండియా వేరు, ఇప్పటిది వేరు మామా. అప్పుడు విదేశీ మారకం నిల్వలు మూడు వందల బిలియన్ డాలర్ల లోపే, ఇప్పుడు ఆరు వందలు దాటినాయి. ఈ పథకం 2004లో పాతిక వేల డాలర్లతో మొదలైంది, ఇప్పుడు పదింతలు. మధ్యలో ఒకసారి తగ్గించినారు, అంతే. తలుపేసినా అంతకుముందే రాసుకున్న ఒప్పందాలకి ఏదో వెసులుబాటు ఇవ్వరా? ఆ పక్క దుబాయ్ బతికేదే బయటివాళ్ళ దుడ్ల మీద. కొన్నవాళ్ళని కష్టపెడితే నష్టపోయేది వాళ్ళే.

మామ: నిల్వలు పెరిగిన మాట నిజమే, అంత సులభంగా మళ్ళీ తలుపేయరేమో కూడా. వెసులుబాటు ఇస్తే ఇస్తారు, కానీ ఆ హామీ నీ దస్తావేజులో ఏ పేజీలోనూ ఉండదు. బయటివాళ్ళ దుడ్ల మీద బతికే దేశం వాళ్ళని చెడగొట్టుకోదన్న మాట బర్మాలో చెట్టియార్లూ అనుకోనుంటారు. వాళ్ళు భూమి కోసం పోలేదు, వరి రైతులకి అప్పులిచ్చినారు. 1930ల మాంద్యంలో ధాన్యం ధర పడి రైతులు కట్టలేకపోతే తాకట్టు భూములు వాళ్ళ మీద పడినాయి. కింది బర్మాలో వరి పండే ముఖ్యమైన జిల్లాల్లో 1930లో ఆరు శాతం ఉన్న వాళ్ళ భూమి 1938కి పాతిక శాతం అయింది. అంత ఎందుకైంది? కొనేవాడు లేడు గాబట్టి. 1942లో జపాను వచ్చింది, 1948లో భూమి జాతీయం చేసే చట్టం వచ్చింది. 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కినాక మిగిలిన భారతీయులూ కదలాల్సొచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అట్ల వచ్చిన తెలుగువాళ్ళదే. దుబాయ్ అట్ల చేస్తాదని నేననడం లేదు. ఓటూ పౌరసత్వమూ లేని ఆస్తికి కాపలా యజమాని మంచితనమేనంటున్నా.

ఇక్కడ అల్లుడి పక్షాన ఒక మాట చెప్పాలి. బర్మా పోలిక మరీ దూరం లాగుతుంది. సామ్రాజ్యం నీడలో వెళ్ళిన వ్యాపారులకీ, పాస్‌పోర్టు పట్టుకుని టిక్కెట్టు కొని వెళ్ళేవాడికీ చాలా తేడా ఉంది. పెద్దవయసువాళ్ళు వాదిస్తూ వాదిస్తూ అందుబాటులో ఉన్న చరిత్రనంతా బండికెత్తుతారు. అయితే అమ్ముకోలేకపోవడం వల్లే ఆస్తి పెరిగినట్టు కనబడుతుందన్న ముక్క మాత్రం కొట్టెయ్యలేనిది.

అల్లుడు: సరే, దుడ్ల మాట వదిలెయ్. గోల్డెన్ వీసా వస్తాది. రేపు నా పిల్లోడు అక్కడ చదువుకుంటాడు, ఉద్యోగం చూసుకుంటాడు. నా బావమరిది ఇప్పటికే అక్కడ ఉద్యోగంలో ఉండాడు. ఒక తరానికి ఇంకో దేశంలో చోటు పెట్టిపెట్టడం తప్పా?

మామ: తప్పని ఎవరన్నారు? వరస మాత్రం సరిగా ఉండాల. కువైట్‌కి మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పోయినవాళ్ళని చూడు. అక్కడ మన మాదిరివాళ్ళకి ఇల్లు కొనే హక్కే లేదు. ఆ దుడ్లన్నీ ఇక్కడికొచ్చి గోడలైనాయి. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లో దిగినపుడు, లక్షా డెబ్బై వేలమంది దాకా మనవాళ్ళని విమానాల్లో తెచ్చినారు. ఒంటి మీది బట్టలతో వచ్చినవాడికి కూడా తలుపు తీసుకోడానికి ఊళ్ళో ఒక ఇల్లుండె. అది ఎవరి తెలివీ కాదు, వాళ్ళ చట్టం అట్ల తోసింది. ఇంగ నీ బావమరిది సంగతి వేరు. వాడి జీతం దిర్హముల్లో, వాడి అద్దె దిర్హముల్లో. వాడు కొంటే రూపాయి పడినా లేచినా వాయిదా మారదు, మన బ్యాంకు గేటుతో పనిలేదు. అక్కడ ధరలు పడినా వాడికి తల మీద కప్పుంటాది, అద్దె మిగులుతాది. రేపు ఊరికి తిరిగొచ్చినా ఆ ఇల్లు ఉంచుకోవచ్చు, బయట ఉన్నప్పుడు సంపాదించింది గాబట్టి విదేశీ మారకం మీద మన ఫెమా చట్టం 6(4) దానికి అడ్డురాదు. అక్కడ బతికేవాడికి అది ఇల్లు. పాకాల నుంచి కొనేవాడికి అది ఆ ఊళ్ళో ఉద్యోగాలు నిలుస్తాయన్న పందెం.

అల్లుడు: బ్రోకరు ఇంకో దారి కూడా చెప్పినాడు. దుడ్లు ఇక్కడ చేతికిస్తే అక్కడ దిర్హములు వాళ్ళే కట్టేస్తారంట. టీసీఎస్ లేదు, పరిమితీ లేదు.

మామ: ఆ మాటన్న బ్రోకరుతో ఇంగ మాట్లాడొద్దు. 2015 నల్లధనం చట్టం చదువు. చెప్పని విదేశీ ఆస్తి దొరికితే 30 శాతం పన్ను, దానికి మూడింతల జరిమానా, అంటే ఆస్తి విలువకన్నా ఎక్కువ. దుడ్లు సక్రమంగా పంపినా రిటర్నులో ఆ ఇంటిని చూపకపోతే పది లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి ఇరవై లక్షల లోపు చిన్న ఆస్తులకి ఆ జరిమానా తీసేసినారు గానీ, ఇల్లూ భూమీ అందులోకి రావు. ఇంకోటి విను. అక్కడ పన్ను లేదన్నావు. నువ్వుండేది ఇక్కడ గాబట్టి ఆ అద్దె మీద ఇక్కడ పన్ను కడతావు. రెండేళ్ళు దాటినాక అమ్మితే లాభం మీద పన్నెండున్నర శాతం. ఆ లాభాన్ని రూపాయల్లో లెక్కేస్తారు, కాబట్టి రూపాయి పడినందువల్ల వచ్చిందాంట్లోనూ సర్కారుకి వాటా ఉంటాది. కొనేటప్పుడే అక్కడ 4 శాతం రిజిస్ట్రేషను ఫీజు, ఏటా చదరపడుగుకింత అని సర్వీసు చార్జీ. నీ ఆరేడు లక్షల అద్దెలోంచి ఇవన్నీ తీసి మళ్ళీ లెక్కేసి చూడు.

అల్లుడు: వేస్తా. అయినా రూపాయి గురించి నేనడిగినదానికి నువ్వు పూర్తిగా జవాబు చెప్పలేదు మామా. అంతా రూపాయల్లోనే పెట్టుకుని కూర్చోవడం కూడా పందెమే గదా.

మామ: అవును, అదీ పందెమే. దుడ్లల్లో కొంత డాలర్లలో ఉండాలంటే వద్దనను. అదే ఎల్ఆర్ఎస్ కింద అమెరికా షేర్ల ఫండ్లలో పెట్టుకునేవాళ్ళుండారు. అవీ పడతాయి. అయితే తలుపేస్తే అక్కడికి ఆపేయొచ్చు, మిగతా వాయిదా కట్టలేదని ఎవడూ 40 శాతం పట్టుకోడు. పిల్లోడి ఫీజు కోసం పది లక్షలు కావాలంటే పది లక్షలదే అమ్మొచ్చు. ఫ్లాటులో వంటగది ఒక్కటే అమ్మలేవు.

అల్లుడు: అయితే బావమరిదినే కొనమంటా. నా పేరు కూడా చేర్చమనొచ్చా?

మామ: బయటుండే బంధువుతో కలిసి నీ పేరున ఉండొచ్చు, ఇక్కడ్నించి ఒక్క రూపాయి పోకపోతే. 2022 నిబంధనల్లో ఉండాది, అయితే బావమరిది ఆ బంధువుల లెక్కలోకి వస్తాడో లేదో ముందు కనుక్కో. దుడ్లు పెట్టకుండా పేరు పెట్టుకుంటే వాడి పెళ్ళాం ఒప్పుకుంటాదేమో అడుగు. కొంటే మాత్రం వీలునామా కూడా అక్కడే రాయించమను. ముస్లిములు కానివాళ్ళ వీలునామాల కోసం దుబాయ్‌లోని ఆర్థిక కేంద్రం డీఐఎఫ్‌సీలో 2015 నుంచి ప్రత్యేకంగా ఆఫీసుండాది. పాకాలలో రాసిన కాగితం పట్టుకుని అక్కడి కోర్టులో తిరగాలంటే తర్జుమాలకీ ముద్రలకీ ఎన్ని నెలలు పడతాదో నాకు తెలుసు.